క్రోమర్‌లో తొమ్మిది పీతలు

ఆగస్టులో ఐదు రోజులు సెలవు దొరికింది నాకు.
వార్డు గోడ మీది చార్టులో నా పేరు కొట్టేసి
"సముద్రం" అని రాశారెవరో, ఎర్ర సిరాతో.

పీటర్‌బరో నుంచి రెండున్నర గంటలు.
జోయెల్ రెండుసార్లు కక్కుకున్నాడు.
కెజియా చెవుల్లో పాటలు దూర్చుకుని
మాతో రాలేదు,
మా కారులో వచ్చింది, అంతే.

"ఇదేం సముద్రం, పాలు తక్కువైన టీ లాగా"
అన్నాడు విక్టర్. చీరాల మనిషి.
ఏ సముద్రానికైనా వంక పెట్టందే చెప్పులు విప్పడు.
మోకాళ్ళ దాకా దిగాడు, కెవ్వుమన్నాడు,
దిగిన దానికన్నా వేగంగా వచ్చి
డిక్కీలోంచి స్వెటర్ తీసుకున్నాడు.
ఎండ బాగానే కాస్తోంది.
అందులో వేడి వెయ్యడం మరిచిపోయారు.

నీళ్ళలోకి బయల్దేరి సగంలో మనసు మార్చుకున్న
చెక్క వంతెన మీద
నాలుగు పౌన్లకి ఒక బకెట్టూ దారమూ వల సంచీ,
సంచిలో పంది మాంసం ముక్క.
కొక్కెం ఉండదు దీనికి.
పట్టుకున్నది వదలకపోతే చాలు,
దానంతటదే పైకొచ్చేస్తుంది.

"పీత!" అరిచాడు విక్టర్.
"ఎండ్రకాయ" అన్నాను, మధిర దాన్ని.
పద్నాలుగేళ్ళ కాపురంలో తేలని తగువు.
జోయెల్ తేల్చేశాడు:
పైకొస్తే పీత,
మధ్యలో జారిపోతే ఎండ్రకాయ.

నాలుగింటికి తొమ్మిది పీతలు.
ఎండ్రకాయలు లెక్కలేనన్ని.

అప్పుడు మొదలెట్టాడు మా ఆయన తన జోకు.
"మావాళ్ళ పీతల బుట్టకి మూత అక్కర్లేదు,
ఒకటి ఎక్కబోతే మిగతావి కాళ్ళు పట్టి లాగుతాయి."
ఉగాది సభలో చెప్పాడు, చర్చిలో క్రిస్మస్ విందులో చెప్పాడు,
ఎవరిదో రిటైర్మెంటులో నా ముందే మూడుసార్లు చెప్పాడు.
ప్రతిసారీ అందరూ నవ్వారు.
మావాళ్ళయితే ఇంకాస్త గట్టిగా.

పక్కన మడత కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటితో
డెరెక్ అని ఒక పెద్దాయన.
నవ్వలేదు.
వంగి మా బకెట్టులోకి చాలాసేపు చూశాడు.

"నలభై ఏళ్ళు పడవ మీద ఇవే పట్టాను.
లాగాలని కాదమ్మా పట్టుకునేది.
బకెట్టు నున్నగా ఉంటుంది.
పట్టుకోడానికి ఇంకేం దొరకదు వాటికి."

గాలికి దుప్పటి ఎగిరింది. సర్దుకున్నాడు.
విక్టర్ దారం చుట్టడంలో పడ్డాడు.

నాకు సలోమి గుర్తొచ్చింది.
ఒకే విమానంలో వచ్చాం, ఒకే గదిలో రెండేళ్ళు,
ఒకే స్టెతస్కోపు మొదటి నెల జీతం దాకా.
పోయిన మార్చిలో ఉన్నది ఒక్క పోస్టు.
ఇంటర్వ్యూ వారమంతా నేను టీకి వెళ్ళలేదు,
పని ఉందన్నాను.
ఆమెకి రాలేదు. నాకూ రాలేదు.
అయినా ఆ టీ మళ్ళీ మొదలవలేదు.
ఒకరి చేతి గోరు గుర్తు ఒకరి చీలమండ మీద వెతుక్కున్నాం,
గోడ వైపు తల తిప్పి చూడలేదిద్దరం.

"అమ్మా, ఇది బయటికొచ్చేసింది!"
కెజియా. చెవులు ఖాళీ.
చిన్నది, కుడి డెక్క లేనిది,
ఎనిమిది వీపుల మీదుగా ఎక్కి
బకెట్టు అంచు మీద కూర్చుని ఉంది
దిగాలో దూకాలో తెలీనట్టు.

ఎవరూ చెప్పలేదు. బకెట్టు రెండు చేతులా ఎత్తుకుని
మెట్లు దిగి, తడి ఇసుక దాకా వెళ్ళి వంచింది.
తొమ్మిదీ తొమ్మిది దారులు, అన్నీ అడ్డంగానే.
మా అమ్మాయి నవ్వడం విని
ఎన్నాళ్ళయిందో లెక్క వేస్తూ
ఫోటో తీయడం మరిచిపోయాను.

రాత్రి కారవాన్ రేకు మీద వాన.
విక్టర్ నిద్రలో కూడా సముద్రాన్ని విమర్శిస్తున్నాడు.
ఫోను తీసి, ఖాళీ బకెట్టు ఫోటో ఒకటుంటే అదే పంపాను:
"మీ కావలి వైపు దీన్లో ఉండేదాన్ని ఏమంటారే?"

నైట్ డ్యూటీలో ఉన్నట్టుంది.
ఒంటిగంటా పదికి వెలిగింది తెర.

"బకెట్టులో ఏం లేదు కదే."
కాసేపాగి,
"ఎండ్రిక్కాయ. ఇక పడుకో."